ఒకే ఒక్క విద్యార్థి

ఇంటర్మీడియట్ పిల్లలకి 14 ఏళ్ళు సంస్కృతం చెప్పాను. నా దగ్గర చదివినవాళ్ళలో 100కి 95 దాటనివాళ్ళు బహు తక్కువ. రామ శబ్దం ఏడు విభక్తులూ తడుముకోకుండా అప్పజెప్పగలిగినవాళ్ళు అంతకన్నా తక్కువ. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ చదివినవాళ్ళెవరికీ ఇది వింతగా తోచదు. సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకునేది మార్కుల కోసం. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసెయ్యొచ్చు. ఏ శ్లోకం అడుగుతారో, దాని భావం ఎన్ని వాక్యాల్లో రాయాలో గైడులో ఉంటుంది. భాష రాకుండానే భాషలో ఫస్టు రావచ్చు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో జనవరి వచ్చిందంటే నా పీరియడ్లు కనిపించేవి కావు. "మీ గంటలో మాథ్స్ స్లిప్ టెస్ట్ పెట్టుకుంటాం మాస్టారూ, మీ సబ్జెక్టు ఎలాగూ వచ్చేస్తుంది కదా" అనేవారు. నేను సరేననేవాణ్ణి. అలా సరేనన్న ప్రతిసారీ ఏం పోగొట్టుకుంటున్నామో నాకు ఆలస్యంగా తెలిసింది. అది నాకు తెలిసేలా చేసినాయన చైనావాడు. పేరు జీ షియన్‌లిన్.

1911లో షాన్‌డాంగ్ రాష్ట్రంలో, లిన్‌చింగ్ దగ్గరి ఒక పల్లెలో, తిండికి కటకటలాడే ఇంట్లో పుట్టారాయన. 2009లో బీజింగ్‌లో, తన 98వ ఏట పోయారు. పెకింగ్ యూనివర్సిటీలో తూర్పుదేశాల భాషల శాఖకి తొలి అధిపతి. కాళిదాసు శాకుంతలాన్నీ, విక్రమోర్వశీయాన్నీ, పంచతంత్రాన్నీ సంస్కృతం నుంచి సూటిగా చైనీస్‌లోకి తెచ్చారు. ఆ తర్వాత వాల్మీకి రామాయణం, ఏడు కాండలూ. 2008లో మన ప్రభుత్వం ఆయనకి పద్మభూషణ్ ఇచ్చింది. అప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ బీజింగ్‌లో ఆ ఆస్పత్రికే వెళ్ళి అందజేశారు.

ఆయన గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పే కథ ఒకటుంది. నేనూ దాంతోనే మొదలుపెడతాను, కానీ నాకు దానితో ఒక పేచీ ఉంది.

1966లో మావో సాంస్కృతిక విప్లవం పేరుతో చదువుకున్నవాళ్ళ మీద విరుచుకుపడే ఉద్యమం మొదలుపెట్టేసరికి షియన్‌లిన్ పేరున్న ప్రొఫెసరు. మరుసటేడు, యూనివర్సిటీని గుప్పిట్లో పెట్టుకున్న నియె యువాన్‌జి వర్గానికి ఎదురుతిరిగిన ముఠాలో చేరారు. 1967 నవంబరు 30 రాత్రి ఆ వర్గం మనుషులు ఆయన ఇంటిమీద పడ్డారు. ఇంట్లోవాళ్ళని వంటింట్లోకి తోసి, పుస్తకాలూ కాగితాలూ చిందరవందర చేశారు. అక్కణ్ణుంచి సభలు, తిట్లు, తన్నులు. నిద్రమాత్రలు పోగుచేసుకుని చనిపోవాలనుకున్నారు. బయల్దేరబోతుండగా ఆయన్ని మరో సభకి ఈడ్చుకుపోవడానికి రెడ్‌గార్డులు, అంటే మావో పేరు చెప్పుకుని తిరిగే విద్యార్థి దళాలు, తలుపు తట్టారు. ఆ తన్నులన్నీ తిన్నాక, ఇంతదాకా భరించగలిగినవాణ్ణి ఇంకా భరించగలను అనిపించి బతికారు. 1968లో యూనివర్సిటీ ఆవరణలోనే ప్రొఫెసర్లని పెట్టడానికి ఒక చెర కట్టారు. దానికి జనం పెట్టిన పేరు గొడ్లచావిడి. వర్గశత్రువులని 'ఎద్దు దయ్యాలు, పాము భూతాలు' అనేవారు కాబట్టి, ఎద్దులుండే చోటు గొడ్లచావిడి. లోపల తలెత్తి నడవకూడదు. రోజుకో మావో సూక్తి కంఠస్థం చేసి అప్పజెప్పాలి. తప్పితే దెబ్బ. అక్కడ సుమారు తొమ్మిది నెలలు.

విడుదలయ్యాక కొన్నాళ్ళు ఒక పల్లెకి పంపారు. ఆ తర్వాత యూనివర్సిటీలో 35వ నంబరు హాస్టల్ భవనానికి కాపలా పని ఇచ్చారు. ఫోన్ మోగితే ఎత్తాలి, పిల్లల్ని పిలవాలి, ఉత్తరాలూ పేపర్లూ పంచాలి. 1973లో, 62వ ఏట, అక్కడ కూర్చునే రామాయణం మొదలుపెట్టారు. భారతదేశం నుంచి సంస్కృత మూలం తెప్పించమని శాఖ లైబ్రరీలో అడిగారు, రాదనే నమ్మకంతో. రెండు నెలలు తిరక్కుండా పుస్తకాలు వచ్చి కూర్చున్నాయి. వాటిని కాపలా గదికి తీసుకెళ్ళడానికి లేదు, ఎవరన్నా చూస్తే ప్రమాదం. కాబట్టి రాత్రి ఇంట్లో శ్లోకాలు చదివి, వాటి అర్థాన్ని వచనంలో చిన్న చిన్న చీటీల మీద రాసుకునేవారు. పొద్దున్న ఆ చీటీలు జేబులో పెట్టుకుని డ్యూటీకి. దారిలో నడుస్తూ, గదిలో ఒంటరిగా కూర్చుని, ఆ వచనాన్ని నాలుగు పాదాల చైనీస్ పద్యంగా మలిచేవారు. మొత్తం 80,000 పైచిలుకు పాదాలు. 1980 నుంచి 1984 దాకా 8 సంపుటాలుగా అచ్చయింది. సంస్కృతం నుంచి చైనీస్‌లోకి వచ్చిన మొదటి పూర్తి రామాయణం అదే.

ఈ కథ విన్నవాళ్ళంతా ఆయన గుండెనిబ్బరాన్ని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకున్నాను. ఆయన గొడ్లచావిడి జ్ఞాపకాలని ఇంగ్లీషులో చదివి రెండు రోజులు వేరే పుస్తకం ముట్టుకోలేదు. కానీ మూడో రోజు ఒక ప్రశ్న పట్టుకుంది. నిబ్బరం ఉన్న మనుషులు ఆ చావిళ్ళలో చాలామందే ఉండుంటారు. నిబ్బరానికి అనుష్టుప్పు శ్లోకం విడదీయడం రాదు. లిట్ లకారమనే భూతకాల క్రియారూపం ఎక్కడుందో పోల్చడం రాదు. తన దేశంలో చాలామందికి అక్కర్లేని ఒక భాష, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఆయన బుర్రలో ఎలా ఉంది? ఆ కథ కాపలా గదిలో లేదు. 1936లో జర్మనీలో ఉంది.

షియన్‌లిన్ చింగ్‌హువా యూనివర్సిటీలో పాశ్చాత్య సాహిత్యం, అందులోనూ జర్మన్ చదివారు. బౌద్ధ గ్రంథాల అనువాదాల మీద చెన్ యిన్‌కె అనే చరిత్ర పండితుడు చెప్పే పాఠాలకి పక్కనుంచి వెళ్ళి కూర్చునేవారు. సంస్కృతం నేర్చుకోవాలనే కోరిక అక్కడే పుట్టింది. నేర్పేవాళ్ళు మాత్రం లేరు. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది జీనాన్‌లో హైస్కూలు పిల్లలకి చైనీస్ చెప్పారు. 1935లో విద్యార్థుల మార్పిడి పథకం కింద జర్మనీ వెళ్ళి గాటింగెన్‌లో చేరారు. 1936 వసంతంలో నోటీసు బోర్డు మీద సంస్కృతం కోర్సు పేరు చూసి పరుగున వెళ్ళి పేరిచ్చారు.

మొదటి రోజు తరగతికి వెళ్తే గదిలో ప్రొఫెసర్ ఎర్నెస్ట్ వాల్డ్‌ష్మిట్ ఒక్కరే ఉన్నారు. విద్యార్థుల్లో షియన్‌లిన్ ఒక్కరే. ఇంకెవరూ రాలేదు. ప్రొఫెసరు పాఠం మొదలుపెట్టారు.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఊళ్ళో ఒక ఓరియంటల్ కాలేజీ ఉండేది. నేను అక్కడే చదువుకున్నాను. మా గురువుగారు కుమారసంభవం ఐదో సర్గ ఇద్దరికి చెప్పారు, నాకూ ఇంకో అబ్బాయికీ. తర్వాత కొన్నేళ్ళకి "స్ట్రెంగ్త్ లేదు" అన్న రెండు మాటలతో దాన్ని మూసేశారు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. స్ట్రెంగ్త్ అనే మాట మన చదువుల్లో ఎంత బలంగా పాతుకుపోయిందంటే, ఒక్క విద్యార్థికి పాఠం చెప్పడం తప్పు అన్నంతగా మనం నమ్మేశాం. లెక్క ఎలా చూసినా గాటింగెన్‌లో ఆ తరగతి నష్టమే. ఒక ప్రొఫెసరు, ఒక గది, కట్టెల పొయ్యి, ఒక విదేశీ కుర్రాడు. ఆ కుర్రాడు చదువయ్యాక వాళ్ళ దేశం వెళ్ళిపోతాడు. అయినా పాఠం ఆగలేదు.

జర్మన్ల పద్ధతి కఠినం. అక్షరాలూ వ్యాకరణం సారాంశం త్వరత్వరగా చూపించి, నేరుగా మూలంలోకి తోసేస్తారు. ఈత రానివాణ్ణి నీళ్ళలోకి తోసినట్టు. నాలుగు వాక్యాలు తెల్లవార్లూ కూర్చుని చేసుకొస్తే, తరగతిలో అవి ఐదు నిమిషాల్లో తేలిపోతాయి. షియన్‌లిన్ సిద్ధాంత వ్యాసానికి వాల్డ్‌ష్మిట్ ఇచ్చిన విషయం 'మహావస్తు' గాథల్లో సమాపక క్రియారూపాలు. మహావస్తు మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖవాళ్ళ గ్రంథం. ఆ మహాసాంఘికుల శాఖలే మన అమరావతిలో, నాగార్జునకొండలో వర్ధిల్లాయి. ఇంచుమించు ఒక ఏడాది కష్టపడి షియన్‌లిన్ ఒక పొడవాటి ఉపోద్ఘాతం రాశారు, ఎక్కడెక్కడి పండితుల అభిప్రాయాలన్నీ గుదిగుచ్చి. గురువు దాన్ని తిరిగిచ్చారు. మొదటి పదానికి ముందు ఒక కుండలీకరణం, చిట్టచివరి పదం తర్వాత ఇంకో కుండలీకరణం. అంటే మొత్తం కొట్టేయమని. నువ్వు కొత్తగా చెప్పిందేమీ లేదు, ఉన్నది వేరేవాళ్ళ సరుకు, ఎవడైనా ఎక్కడ కొట్టినా కూలుతుంది అని వివరించారు. షియన్‌లిన్ ఆ దెబ్బని ముసలితనంలో కూడా కృతజ్ఞతతో తలుచుకున్నారు. నా చేతుల మీదుగా వెళ్ళిన ఒక్క జవాబు పత్రం మీదైనా నేను అలాంటి గీత గీశానా అని ఆలోచిస్తే సమాధానం నాకు నచ్చలేదు.

1939లో యుద్ధం వచ్చింది. వాల్డ్‌ష్మిట్‌ని సైన్యంలోకి లాక్కున్నారు. అప్పుడు ఎమిల్ సీగ్ అనే పండితుడు, 70 దాటి రిటైరైనాయన, తిరిగి పాఠం చెప్పడానికి వచ్చారు. తనకి వచ్చిందంతా ఈ చైనా కుర్రాడికి ఇచ్చెయ్యాలని నిర్ణయించుకున్నారు. ఋగ్వేదం, పతంజలి మహాభాష్యం, దండి దశకుమార చరిత్ర. మన కేతన తెలుగు చేసిన దశకుమార చరిత్రే. అంతటితో వదల్లేదు. తోఖారీ కూడా నేర్చుకోవాలన్నారు. మధ్య ఆసియా ఎడారుల్లో దొరికిన చిరుగు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగలని భాష అది. దాన్ని చదవడానికి సీగ్ తన జీవితంలో దశాబ్దాలు ఖర్చుపెట్టారు. షియన్‌లిన్‌కి ఇష్టం లేదు, బుర్ర ఇప్పటికే నిండిపోయిందనుకున్నారు. కానీ ఆ ముసలాయన పట్టుదల చూసి కాదనలేకపోయారు. చలికాలం సాయంత్రాలు, తరగతి అయ్యాక, యుద్ధం వల్ల దీపాలు లేని మంచు వీధుల్లో గురువుగారి చెయ్యి పట్టుకుని ఇంటి దాకా దిగబెట్టేవారు. ఆ రోజుల్లో అందరికీ ఆకలే. షియన్‌లిన్ తన రేషన్‌లో వెన్న మిగిల్చి, పిండీ గుడ్లూ పంచదారా సంపాదించి, బేకరీలో కేకు చేయించి గురువుగారింటికి పట్టుకెళ్ళారు. ఆ వృద్ధ దంపతులకి మాట రాలేదట.

ఈ గదిలో కూర్చుని నేర్చుకున్న సంస్కృతమే ముప్ఫై ఏళ్ళ తర్వాత హాస్టల్ గేటు దగ్గర పనికొచ్చింది. అందుకే నా వాదన ఇది: ఆ రామాయణాన్ని ఒంటరి వీరుడి కథగా చెప్పడం అన్యాయం. అది ఒక తరగతి గది ఫలితం. పొగడ్తంతా గేటు దగ్గర ఆపేస్తే, 'అలాంటి మహానుభావులు ఎప్పుడో పుడతారు' అని చేతులు దులుపుకోవచ్చు. తరగతి గది దాకా వెళ్తే దులుపుకోలేం. మహానుభావుడు పుట్టడం మన చేతిలో లేదు గానీ, ఒక్కడొచ్చినా తరగతి నడపడం మన చేతిలోనే ఉంది.

దీనికి మనలోనే ఒక సాక్ష్యం ఉంది. తెనాలి చక్రపాణిగారు క్షయతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నారు. ఆ బెంగాలీతో శరత్‌ని తెలుగు చేశారు. శరత్ తెలుగువాడే అని జనం అనుకునేంత సహజంగా చేశారు. మా అమ్మ చాలా ఏళ్ళు అలాగే అనుకుంది. మంచం మీద పడుకుని పరాయి భాష నేర్చుకున్న ఆ మనిషి నిబ్బరం గేటు దగ్గరి నిబ్బరానికి ఏమీ తీసిపోదు. కానీ ఆయన తర్వాత? ఆయన దగ్గర బెంగాలీ నేర్చుకున్న బ్యాచి ఒకటి ఉండుంటే ఎలా ఉండేది? మనకి గొప్ప అనువాదకులు వచ్చారు, ఎవరికి వారు వచ్చారు, ఎవరికి వారు వెళ్ళిపోయారు. ఇవాళ చైనా కథ తెలుగులో చదివామంటే, చాలావరకు అది ఇంగ్లీషు మెట్టు ఎక్కి దిగిందే. నేను కూడా షియన్‌లిన్‌ని ఇంగ్లీషులోనే చదివాను. ఆయన మన శ్లోకం చదవడానికి ఏ మధ్యవర్తి దగ్గరికీ వెళ్ళలేదు.

చైనాలో మాత్రం అనువాదం మొదట్నించీ గుంపు పని. మన పాఠ్యపుస్తకాల్లో హ్యుయెన్‌త్సాంగ్ బక్కచిక్కిన యాత్రికుడిగానే మిగిలిపోయాడు. మన ధాన్యకటకంలోనూ కొన్నాళ్ళు ఉండి చదువుకున్న ఆయన 645లో తిరిగెళ్ళాక చేసిన పని మనం చెప్పుకోం. 19 ఏళ్ళు, 75 గ్రంథాలు. రాజధానిలో ఒక అనువాదశాల. ఒకరు మూలం చదివి అర్థం చెప్తే, ఒకరు రాసుకుంటే, ఒకరు భాష దిద్దితే, ఇంకొకరు మూలంతో పోల్చి చూసేవారు. షియన్‌లిన్‌కి ఆ సంప్రదాయం బాగా తెలుసు. తను ఒంటరిగా నేర్చుకున్నదాన్ని ఒంటరిగా మిగల్చకూడదనీ తెలుసు.

1946లో చైనా తిరిగొచ్చారు. చెన్ యిన్‌కె సిఫారసుతో పెకింగ్ యూనివర్సిటీలో చేరిన వారం పది రోజుల్లోనే ప్రొఫెసరునీ, కొత్త శాఖకి అధిపతినీ చేశారు. అప్పట్లో ఆ శాఖలో విద్యార్థుల కన్నా అధ్యాపకులే ఎక్కువ. ఉన్నవాళ్ళు మాత్రం ఎలాంటివాళ్ళు! ఖురాన్‌ని చైనీస్ చేసిన మా జియాన్ ఉన్నారు. 1948లో జిన్ కెము వచ్చారు. ఏ యూనివర్సిటీ డిగ్రీ లేకుండా, కలకత్తాలో పత్రికలో పనిచేస్తూ, సారనాథ్‌లో ధర్మానంద కోశాంబి దగ్గర కూర్చుని సంస్కృతం, పాళీ నేర్చుకున్న మనిషి. మేఘసందేశాన్ని చైనీస్ చేసింది ఆయనే. మన దగ్గర అలాంటివాడు ఉద్యోగానికి వస్తే ముందు సర్టిఫికెట్ అడుగుతాం.

1960లో షియన్‌లిన్, జిన్ కెము కలిసి సంస్కృతం, పాళీ తరగతి మొదలుపెట్టారు. 17 మంది విద్యార్థులు, ఐదేళ్ళ కోర్సు. గాటింగెన్‌లో తనని నీళ్ళలోకి తోసినట్టే షియన్‌లిన్ వీళ్ళనీ తోశారు. 1965లో చదువు ముగిసింది. మరుసటేడే విప్లవం. పదేళ్ళకి పైగా ఆ పిల్లల సంస్కృతానికి పనే లేదు. ఎవరికైనా ఏమనిపిస్తుంది, ఐదేళ్ళ శ్రమ మట్టిలో కలిసిందనే కదా. కలవలేదు. వాళ్ళలో జియాంగ్ జోంగ్‌షిన్ మనుస్మృతిని చైనీస్ చేశారు. జావ్ గువోహువా మహాభారతం అనువాదానికి పూనుకుని, నడుమలోనే 1991లో పోయారు. ఆయన వదిలిన బరువు సహాధ్యాయి హువాంగ్ బావ్‌షెంగ్ ఎత్తుకుని, బృందాన్ని కూడగట్టి పూర్తిచేశారు. 2005లో వ్యాస భారతం 6 సంపుటాలుగా చైనీస్‌లో వచ్చింది. హువాంగ్‌కి 2015లో మన పద్మశ్రీ వచ్చింది. వాల్డ్‌ష్మిట్ ఒక్కడికి చెప్పిన పాఠం షియన్‌లిన్ చేతిలో రామాయణమైంది, షియన్‌లిన్ 17 మందికి చెప్పిన పాఠం భారతమైంది.

ఇక్కడ నా వాదనకి అడ్డొచ్చే ఒక నిజం చెప్పకపోతే నేను మోసం చేసినవాణ్ణవుతాను. షియన్‌లిన్‌ని సభల్లో నిలబెట్టినవాళ్ళలో, కొట్టినవాళ్ళలో ఆయన సొంత శాఖ మనుషులున్నారు. రబ్బరు చుట్టిన సైకిల్ చెయిను దెబ్బల్ని ఆయన తన జ్ఞాపకాల్లో రాశారు. ఆయన కట్టిన శాఖే ఆయన మీద పడింది. కాబట్టి తరగతి గది మనుషుల్ని మంచివాళ్ళని చేస్తుందని నేననను. అది భాషని అందించగలదు, అంతే. మంచితనం వేరే చోటి నుంచి రావాలి. షియన్‌లిన్ కూడా తనని తాను వీరుడిగా చూపించుకోలేదు. చావిడిలో ఉన్నప్పుడు కూడా విప్లవం సరైందేనని నమ్మానని ఒప్పుకున్నారు. జ్ఞాపకాలు 1992లో రాసి, 1998 దాకా అచ్చుకివ్వలేదు. కొట్టినవాళ్ళలో ఎవరైనా తమ వైపు నుంచి రాస్తారేమోనని ఎదురుచూశారు. ఎవరూ రాయలేదు. పేర్లు పెట్టి పగ తీర్చుకోవాలనీ అనుకోలేదు.

ఇంటి సంగతీ ఉంది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి. 1935లో భార్యనీ ఇద్దరు చంటిపిల్లల్నీ జీనాన్‌లో వదిలి వెళ్ళినాయన, యుద్ధం వల్ల అక్కడే ఇరుక్కుని పుష్కరకాలం వాళ్ళ ముఖం చూడలేదు. తిరిగొచ్చాకా కాపురం బీజింగ్‌కి మారింది 1962లోనే. తల్లి విషయం ఇంకా బాధ. ఆరేళ్ళప్పుడు చదువు కోసం పినతండ్రి ఇంటికి వెళ్ళి, మళ్ళీ అమ్మ దగ్గర సరిగ్గా ఉన్నదే లేదు. 1933లో కబురందుకుని వెళ్ళేసరికి శవపేటిక మూసేశారు. ఆ దుఃఖం గురించి 90 దాటాక కూడా రాశారు. ఒక మనిషి అంత చదువుకోవడానికి ఇంకెవరెవరో ఖరీదు కట్టారు. ఆ ఆడవాళ్ళ పేర్లు ఏ సంపుటం అట్ట మీదా ఉండవు.

అయినా ఆ చదువు ఎంత దూరం వెళ్ళిందో చెప్పకుండా ఉండలేను. చైనాలోని డన్‌హువాంగ్ బౌద్ధ గుహల్లో దొరికిన ఒక కాగితం వెనకవైపు, పాత చైనీస్‌లో, భారతదేశంలో చెరుకు నుంచి పంచదార ఎలా తీస్తారో ఎవరో రాసిపెట్టారు. అందులో 'షాగెలింగ్' అని ఒక మాట ఉంది, ఎవరికీ అర్థం కాలేదు. షియన్‌లిన్ దాన్ని పట్టుకుని కూర్చుని కూర్చుని, ఒకరోజు చటుక్కున పోల్చారు. శర్కరా. మన చక్కెర! 1981లో దాని మీద వ్యాసం రాశారు. 80 దాటాక, రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళి, చక్కెర చరిత్ర మొత్తం రాశారు. చక్కెర వండే విద్య ఇక్కణ్ణుంచి అటు వెళ్ళిందనీ, తెల్లగా చేసే మెళకువ అక్కణ్ణుంచి ఇటు వచ్చిందనీ, హిందీలో పంచదారని చీనీ అనడం అందుకేననీ ఆయన వాదన. అనంతపురం చీనీ తోటల పక్కనుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది, ఆ కాయ చక్కెర కాకపోయినా.

ఒక తేడా గురించి కూడా తరచూ ఆలోచిస్తాను. వాల్మీకిని శ్లోకం శ్లోకంగా తెలుగు చేసిన వావిలికొలను సుబ్బారావుగారు రాముడి భక్తుడు. టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని ఒంటిమిట్ట గుడిని నిలబెట్టినాయన. ఆయన అనువాదం ఒక పూజ. షియన్‌లిన్‌కి రాముడు దేవుడు కాదు. మోక్షం కోసం కాదు, పుణ్యం కోసం కాదు, అచ్చవుతుందనే ఆశ కూడా లేకుండా చేశారు. భక్తి లేకుండా అంత శ్రద్ధ ఎలా వచ్చిందని మా బంధువు ఒకాయన అడిగాడు. నాకు తోచింది ఒకటే. చదువుకున్న భాషని నోట్లో తుప్పు పట్టనివ్వకపోవడం కూడా ఒక నిష్ఠే.

1978లో ఆయన మూడోసారి భారతదేశం వచ్చారు. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకంలో ఒక వ్యాసం పేరు హైదరాబాద్. దాన్ని చైనీస్ నుంచి సూటిగా తెలుగు చేసి నా చేతిలో పెట్టే మనిషి కోసం చూస్తున్నాను. హైదరాబాదు గురించి రాసిందాన్ని హైదరాబాదు భాషలో చదువుకోవడానికి ఇంకో భాషని బతిమాలాల్సిన అవసరం లేని రోజు రావాలని నా కోరిక.

ఉద్యోగం మానేశాక, నా దగ్గర ఇంటర్ చదివిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. "మాస్టారూ, నాకు సంస్కృతంలో 98 వచ్చాయి, గుర్తుందా? నాకేమీ రాదు మాస్టారూ. ఇప్పుడు నేర్పుతారా?" అని అడిగింది. ఆదివారాలు పొద్దున్నే మా ఇంట్లో మొదలుపెట్టాం. ఇంకో నలుగురు చేరారు. సంక్రాంతికి ఇద్దరు తగ్గారు, ఎండాకాలానికి మిగతా ఇద్దరూ మానేశారు. ఈ అమ్మాయి మిగిలింది. స్ట్రెంగ్త్ ఒకటి.

మొన్న బాలకాండ మొదటి శ్లోకం తీశాం. 'తపఃస్వాధ్యాయనిరతం తపస్వీ వాగ్విదాం వరమ్, నారదం పరిపప్రచ్ఛ వాల్మీకిర్మునిపుంగవమ్.' అర్థం చెప్పలేదు, నువ్వే తియ్యమ్మా అన్నాను. క్రియ ఏదో పట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. 'పరిపప్రచ్ఛ' దగ్గర ఆ 'ప' ఎందుకు రెండుసార్లు వచ్చిందని అడిగింది. లిట్ చెప్పాను. తర్వాత పెన్సిల్‌తో ఒక్కో పదం కింద విభక్తి రాసుకుంటూ పోయింది. నారదం, నిరతం, వరం, పుంగవం, ఇవన్నీ ద్వితీయ. తపస్వీ, వాల్మీకిః, ఇవి ప్రథమ. కాసేపు కాగితం వైపే చూసి, "అయితే అడిగింది వాల్మీకి కదా మాస్టారూ? నారదుణ్ణి అడిగాడు. తపస్వి అన్నది కూడా వాల్మీకినే" అంది.

రెండో శ్లోకంలో 'కోన్వస్మిన్' దగ్గర సంధి విడదీస్తుండగా వాళ్ళ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చి వెళ్ళిపోయింది. పుస్తకంలో అగ్గిపుల్ల పెట్టి ఉంచాను. వచ్చే ఆదివారం అక్కణ్ణుంచే.